నైలాన్ దారంలో చిక్కి రెక్క వేలాడేసిన కొంగ దొరికింది, ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాను. ముమ్మిడివరం దగ్గర మీ రొయ్యల చెరువు మీద పక్షులు వాలకుండా కట్టిన నైలాన్ దారంలో నిన్న సాయంత్రం ఒక తెల్ల కొంగ చిక్కుకుంది. దారం కోసి ఇంటికి తెచ్చారు. ఎడమ రెక్క కిందికి వేలాడుతోంది. అమ్మగారు పసుపు, కొబ్బరినూనె కలిపి గాయానికి రాశారు, ఇంకు ఫిల్లరుతో కాసిని పాలు పట్టారు. కాలికి తాడు కట్టి వరండాలో ఉంచారు. పొద్దుటి నుంచీ ఏమీ ముట్టడం లేదు. ఏం పెట్టాలి, ఏ మందు వేయాలి అని అడిగారు. పాప దాన్ని పెంచుకుందామంటోందని కూడా రాశారు.

నేను కోనసీమ మండలాల్లో పశువైద్యురాలిగా 28 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం గేదెలకీ ఆవులకీ అయినా, ఊళ్లో ఎవరికి ఏ పిట్ట దొరికినా మా ఇంటికే తెచ్చేవారు. ఆ అనుభవంతో ముందు ఒక్క మాట చెబుతానండి. ఇప్పుడు ఆ కొంగకి కావలసింది మందు కాదు, మేత కాదు. చీకటి, నిశ్శబ్దం, ఎవరూ ముట్టుకోకపోవడం. మిగతాది చదివే ముందు లేచి వెళ్లి కాలి తాడు విప్పేయండి. దాన్ని వరండాలోంచి తీసి లోపలి గదిలో కోడిగంప కింద పెట్టి, గంప మీద చీర కప్పి, తలుపు దగ్గరగా వేసి రండి. కుక్కా పిల్లీ ఆ వైపు రాకూడదు. టీవీ శబ్దం వినపడకూడదు.

కోడిగంప అని కావాలనే అంటున్నాను. పట్నంలో వాళ్లయితే అట్టపెట్టె వాడమంటాను. గోరింకకీ పావురానికీ అదే మేలు, పక్కన పెన్సిలు దూరేటన్ని చిల్లులు పెడితే చాలు. కానీ కొంగ కాళ్లు పొడుగు. పెట్టెలో ముడుచుకుని గంటల తరబడి కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి, తర్వాత నిలబడలేదు. పెద్ద వెదురు గంపలో నిలబడగలదు, గాలి ఆడుతుంది. ఇనప తీగల పంజరం మాత్రం వద్దు. అడవి పక్షి తీగలకేసి కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటుంది, ముక్కు మొదలు చీరుకుంటుంది. ఒకసారి విరిగిన పెద్ద ఈక మళ్లీ ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా కొత్తది రాదు. రెక్క నయమైనా ఈకలు లేక ఎగరలేని పక్షుల్ని చూశాను. గంప అడుగున పాత తువ్వాలు పరవండి. న్యూస్ పేపరు ఒక్కటే వేస్తే కాళ్లు జారి తొడలు బెణుకుతాయి.

కాలికి తాడు మన జిల్లాలో అందరూ చేసే పనే. పందెం పుంజుల్ని కట్టీ కట్టీ చేతికి అలవాటైపోయింది. పుంజు కాలు బలంగా ఉంటుంది, దానికి తాడు అలవాటు. కొంగ కాలు పుల్లలా ఉంటుంది. భయపడి ఒక్కసారి ఎగరబోయిందంటే తాడు లాగిన చోట విరుగుతుంది. రెక్క ఒక్కటే దెబ్బతిన్న కొంగకి కాలు కూడా పోగొట్టినవాళ్లు మంచివాళ్లేనండి, దాన్ని కాపాడదామనే కట్టారు.

ఇక అమ్మగారు చేసిన వైద్యం. ఆవిడని ఏమీ అనకండి, మా అత్తగారూ ఇదే చేసేవారు. పసుపు డబ్బా, నూనె గిన్నె పట్టుకుని గుమ్మంలో ఎదురొచ్చేవారు. మనిషి చర్మానికి రాస్తే అభ్యంతరం లేదు. పక్షికి మాత్రం నూనె పెద్ద హాని. ఈక ఒకటి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. మధ్య కాడకి రెండు వైపులా సన్నటి పోగులుంటాయి. ఆ పోగుల్ని చిన్న చిన్న కొక్కేలు ఒకదానికొకటి పట్టి ఉంచుతాయి. మీ వేలితో వెనక్కి దువ్వితే విడిపోతుంది, ముందుకి దువ్వితే బ్యాగు జిప్పులాగా మళ్లీ కలుస్తుంది. ఆ అల్లిక వల్లే వాన నీళ్లు లోపలికి దిగవు, ఒంటి వేడి బయటికి పోదు. కొబ్బరినూనె పడితే ఆ పోగులు ముద్దకట్టి ఒంటికి అతుక్కుపోతాయి. ఇక చలికీ తడికీ అడ్డం ఏమీ ఉండదు.

కొంగల్లో ఇంకో విశేషం ఉంది, పాపకి చూపించండి. రొమ్ము దగ్గర ఈకల కింద మెత్తటి నూగు ఉంటుంది. దాన్ని తాకితే వేళ్లకి తెల్లటి పొడి అంటుతుంది. చేప జిగురు ఒంటికి అంటినప్పుడు ఆ పొడి రాసుకుని, నడిమి కాలివేలి గోటితో దువ్వుకుంటుంది. ఆ గోరు లోపలి అంచు చూడండి, దువ్వెన పళ్లలా ఉంటుంది. తన శుభ్రానికి కావలసినవి ఒంటి మీదే పెట్టుకు పుట్టిన ప్రాణి అది. మనం పైన ఏమీ పూయకుండా ఉంటే చాలు.

రాసిన నూనెని ఇప్పుడు సబ్బుతో కడగొద్దు. భయపడి, నీరసించి ఉన్న పక్షిని తడిపితే చలికే పోతుంది. పొడి గుడ్డతో పైపైన అద్ది వదిలేయండి, కడగడం అవసరమో కాదో నాలుగు రోజులాగి డాక్టరు చూసుకుంటారు. గాయం మీద పసుపు ముద్ద గట్టిపడితే గోకకండి. మందుల షాపులో సెలైన్ సీసా దొరుకుతుంది. దూది దానితో తడిపి గాయం మీద కాసేపు ఆనిస్తే మెత్తబడి అదే వస్తుంది. డెట్టాల్, స్పిరిట్ వద్దు.

గాయం భుజానికి దగ్గరగా ఉండి, లోపల ఎముక కనిపిస్తుంటే సెలైన్ కూడా పోయకండి. చాలా పక్షుల్లో భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక లోపల బోలుగా ఉంటుంది, గాలి సంచులతో కలిసి ఉంటుంది. ఆ ఎముక విరిగిన చోట నీళ్లు పోస్తే ఊపిరి దారిలోకి వెళ్లినట్టే. తడి గుడ్డ పలచగా కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పాలు ఎందుకు పట్టకూడదంటే, పక్షి ఏదీ పాలు తాగి పెరగదు. పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి దాని కడుపుకి లేదు, విరేచనాలు పట్టుకుంటాయి. అంతకంటే ప్రమాదం ఫిల్లరు. కొంగ నోరు తెరిచినప్పుడు చూడండి, నాలుక మొదట్లోనే చిన్న చీలిక ఒకటి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. అదే గాలిగొట్టం నోరు. మనకి లాగా దాని మీద మూత లేదు. ఫిల్లరుతో వేసిన నీళ్లు సరాసరి అందులోకి పోతాయి. పైకి బాగానే మింగినట్టు కనిపిస్తుంది. ఆ రాత్రికో మర్నాటికో నోరు తెరుచుకుని గురగుర శబ్దంతో ఊపిరి తీస్తుంది. మీ కొంగ ఊపిరి ఇప్పుడు ఎలా ఉందో దూరం నుంచి గమనించండి. గురక వినిపిస్తే డాక్టరుకి ఆ మాట మొదట చెప్పండి.

ఈ భయంతో నీళ్లే పెట్టకుండా ఉండకండి. బరువైన, వెడల్పు మూతి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు పోసి గంపలో ఒక వారగా పెట్టండి. తాగాలనిపిస్తే అదే తాగుతుంది. మేత మొదటి రోజు వద్దు. భయంలో ఉన్న పక్షికి అరుగుదల ఆగిపోతుంది. కాస్త కుదుటపడి, మీరు గంప ఎత్తగానే ముక్కు గురిపెట్టి మీద పడబోతోందంటే సంతోషించండి, దానికి బలం వచ్చిందన్నమాట. అప్పుడు అదే మూకుడులో బతికి ఉన్న చిన్న చేపలు నాలుగు వదలండి, లేదంటే తాజా రొయ్యలు. కదులుతుంటేనే వాటికి తినాలనిపిస్తుంది. జెల్లలు పెట్టకండి, ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి. ఉప్పుచేప, అన్నం, బ్రెడ్డు, మరమరాలు ఏవీ వద్దు. పెట్టి బయటికి వచ్చేయండి. తింటోందా లేదా అని అరగంటకోసారి గంప ఎత్తి చూస్తే తినదు. ఎన్ని చేపలు వేశారో లెక్క పెట్టుకుంటే సాయంత్రం ఎన్ని మిగిలాయో తెలుస్తుంది.

ముక్కూ కాళ్లూ ఏ రంగులో ఉన్నాయో కూడా రాస్తే బాగుండేది. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలు మాత్రం పసుపు పచ్చగా ఉంటే అది చేపలు తినే చిన్న తెల్లకొంగ. ముక్కు పసుపుగా, మెడ పొట్టిగా ఉండి గేదెల వెనకాల తిరిగే రకమైతే దానికి మిడతలు, పురుగులు, చిన్న కప్పలు ఇష్టం.

ఒంటి వేడి గురించి కంగారు పడతారేమో. పట్టుకున్న ప్రతివాళ్లూ "జ్వరం కాగిపోతోంది మేడం" అంటూ తెచ్చేవారు. పక్షి ఒంటి వేడి మామూలుగానే 40 డిగ్రీల పైన ఉంటుంది, మన చేతికి వేడిగా తగలడం సహజం. దాని పాదాలు చల్లబడి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసి బంతిలా కూర్చుంటే అది చలి, నీరసం. అప్పుడు సీసాలో వేణ్నీళ్లు పోసి, గుడ్డ చుట్టి, గంపలో ఒక పక్కకే పెట్టండి. వేడి ఎక్కువైతే అది రెండో పక్కకి జరగగలగాలి. అదే రోహిణి కార్తెలో దొరికిన పక్షయితే ఇదంతా తలకిందులు. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టి, గొంతు కింద చర్మం గబగబా అదురుతుంటే అది ఎండదెబ్బ. నీడలోకి తెచ్చి, పాదాల మీద నీళ్లు చిలకరించి, గాలి తగలనివ్వాలి. బిందెడు చన్నీళ్లు గుమ్మరించకూడదు.

ఇప్పుడు పట్టుకోవడం. దీన్ని జాగ్రత్తగా చదవండి, ఇది మీ కళ్లకి సంబంధించింది. కొంగ మెడ ఎస్ ఆకారంలో ముడుచుకుని ఉండేది ఊరికే కాదు, చేప మీదికి బాణంలా వదలడానికి. తనని పట్టుకున్న మనిషి మొహంలో కూడా అది మెరిసే కన్ను మీదికే వదులుతుంది. బండి నడిపేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలైనా సరే పెట్టుకోండి. పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. తువ్వాలు వెనకవైపు నుంచి దాని తల మీద వేయండి, కళ్లకి చీకటి పడగానే సగం పెనుగులాట ఆగుతుంది. ఒక చేత్తో తల వెనక మెడ మొదలు మెత్తగా పట్టుకుని, రెండో చేత్తో రెండు రెక్కలూ ఒంటికి ఆనించి, మీ చంక కింద ఇముడ్చుకోండి. కాళ్లు వెనక్కి వేలాడనివ్వండి. రొమ్ము మాత్రం నొక్కకండి. పక్షికి మనలాంటి ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి ఊపిరి. గట్టిగా పట్టుకున్న చేతిలోనే, ఎవరూ గమనించకుండానే, ఊపిరాడక పోతాయి.

ముక్కు కట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. వద్దు. రాజోలు వైపు పనిచేసే రోజుల్లో ఒక నీటికాకిని తెచ్చారు, గాలం దారం రెక్కకి చుట్టుకుంది. పొడుస్తోందని దాని ముక్కుకి నేనే రబ్బరు బ్యాండు వేసి, దారం తీయడం మొదలుపెట్టాను. దారం చివరి చుట్టు విప్పేసరికి తల వాల్చేసింది. నీటికాకికి ముక్కు మీద బయటికి తెరుచుకునే రంధ్రాలు ఉండవు. నీళ్లలో మునిగే ప్రాణి కాబట్టి మూసుకుపోయి ఉంటాయి, ఊపిరంతా నోటితోనే. కాలేజీలో ఎప్పుడో చదివినదే, ఆ సమయానికి గుర్తుకి రాలేదు. గూడబాతు కూడా అంతే. ఆ నీటికాకి తల నా చేతి మీద వాలిన బరువు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. కొంగకి ముక్కు రంధ్రాలు ఉంటాయి గానీ, అలవాటు ఒకటే మంచిది. ఏ పక్షికీ ముక్కు కట్టకండి.

దారం పూర్తిగా పోయిందా అన్నది నా అసలు అనుమానం. మీరు బయటికి కనిపించిన దారం కోసి ఉంటారు. నైలాన్ దారం ఈకల కింద, చర్మంలోకి దిగిపోయి, పైన వాపు కమ్మేసి కనిపించకుండా ఉంటుంది. మంచి వెలుతురులో ఈకలు ఊదుకుంటూ రెక్క మొదలు నుంచి చివరిదాకా చూడాలి. చంక భాగం, మోచేయి మడత, కాలివేళ్ల సందులు ముఖ్యం. దొరికితే లాగకండి. మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర దారం కిందికి దూర్చి కోయాలి. ఎన్ని చుట్లున్నాయో అన్ని చోట్లా కోసి, ముక్క ముక్కగా తీయాలి. గాలం ముల్లు ఉంటే వచ్చిన దారిన వెనక్కి పీకకూడదు, ముల్లు వెనక ఎదురు కొన కండని చీల్చేస్తుంది. మొన బయటికి వచ్చేలా ముందుకి తోసి, ఆ కొన కట్టరుతో తుంచి, అప్పుడు వెనక్కి తీస్తాం. అది మీరు చేయకండి, డాక్టరు చేత చేయించండి. నోట్లోంచి దారం వేలాడుతుంటే అసలు లాగకూడదు, రెండో కొనకి ముల్లు కడుపులో ఉండవచ్చు. జానెడు దారం వదిలి మిగతాది కోయండి, డాక్టరుకి ఆనవాలు ఉండాలి.

దారం తీశాక పక్షి రెక్క విదిలించి బాగానే కనిపిస్తుంది. అప్పుడే వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. బిగుసుకున్న చోట రక్తం ఆగి కండ చచ్చిపోవడం ఆ రోజు కనపడదు, నాలుగు రోజులకో వారానికో నల్లబడుతుంది. నేను ఒక కొంగని దారం తీసిన గంటకే మురమళ్ళ దగ్గర పొలం గట్టున వదిలేశాను, చక్కగా ఎగిరింది. ఐదో రోజున అదే గట్టు కింద రెక్క ఈడ్చుకుంటూ నడుస్తోందని రైతు కబురు పెట్టారు. అప్పటి నుంచి దారం కేసు ఏదైనా వారం పాటు చూడకుండా వదలలేదు.

రెక్క విరిగిందా, బెణికిందా అన్నది ఎక్స్‌రే లేకుండా ఖాయంగా చెప్పలేం. రెండు రెక్కలూ పోల్చి చూడండి. కొస నేలకి తగులుతోందా, ముందుకి మెలితిరిగిందా, ఉండకూడని చోట వంగిందా? పక్షి ఎముక మనకంటే తొందరగా అతుకుతుంది, రెండు మూడు వారాలు చాలు. ఆ తొందరే చిక్కు కూడా. మొదటి రోజుల్లో వంకరగా వదిలేస్తే వంకరగానే అతుకుతుంది, మళ్లీ సరిచేయడం దాదాపు కుదరదు. అందుకే ఇవాళో రేపో డాక్టరుకి చూపించాలంటున్నాను.

ఇంట్లో కట్టు కట్టాలా అంటే, గంట లోపు ప్రయాణమైతే అవసరం లేదు, చీకట్లో కదలకుండా ఉండటమే దానికి కట్టు. దూరం వెళ్లాలంటే రెక్కని సహజంగా ముడిచి, మెత్తటి కాటన్ గుడ్డ నాలుగు వేళ్ల వెడల్పు చించి, ఒంటి చుట్టూ ఒక్క చుట్టు వేయండి. గుడ్డకీ ఒంటికీ మధ్య మీ వేలు సులువుగా దూరాలి. కాళ్లూ, రెట్ట వేసే చోటూ కట్టులోకి రాకూడదు. వెదురు పుల్లలు పెట్టి బద్దకట్టు కట్టకండి, సన్నటి చర్మం చీరుకుపోతుంది. ప్లాస్టరు అంటిస్తే తీసేటప్పుడు ఈకలు ఊడివస్తాయి.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు చిదిమి వేయొద్దు. డైక్లోఫెనాక్ వల్ల మన దేశంలో రాబందులు మూత్రపిండాలు చెడిపోయి ఎలా తుడిచిపెట్టుకుపోయాయో తెలిసే ఉంటుంది. పశువులకి ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. ఏ పక్షికి ఏ మందు ఎంత అన్నది బరువు తూచి లెక్క కట్టాలి. చిన్న తెల్లకొంగ బరువు అర కిలో చుట్టుపక్కలే ఉంటుంది.

మందు విషయంలో ఆలస్యం చేయకూడనిది ఒకటుంది. పిల్లి పట్టిన పక్షి. సూదిమొనంత గుచ్చుకున్నా, రక్తం చుక్క కనిపించకపోయినా, పిల్లి నోటి సూక్ష్మజీవులు రెండు మూడు రోజుల్లో పక్షిని చంపేస్తాయి. అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. మీ ఇంటి పిల్లి దీన్ని తాకలేదు కదా అని ఒకసారి అడిగి చూడండి.

ఎవరికి అప్పగించాలి అన్నది. మీ మండలంలో పశువైద్యశాల ఉంది, ముందు అక్కడికి ఫోన్ చేయండి. పక్షుల మీద వాళ్లకి అలవాటు ఉన్నా లేకపోయినా గాయం, కట్టు, ఇంజెక్షను వరకు చేయగలరు. 1962 నంబరు అంబులెన్సు ముఖ్యంగా పాడి పశువుల కోసం, దాని మీదే ఆధారపడకండి. అదే రోజు అటవీశాఖ వాళ్లకి కూడా చెప్పండి. అమలాపురంలో చెప్పవచ్చు. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళితే కోరింగ, 1978 నుంచి అభయారణ్యం. అక్కడి సిబ్బంది రోజూ చూసేవి ఈ నీటి పక్షులే. ఎవరూ దొరక్కపోతే పోలీస్ స్టేషన్‌లో చెప్పినా చెల్లుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షి ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల లోపు తెలియజేయాలి. దీనికి భయపడి గాయపడ్డ పక్షిని గట్టు మీదే వదిలేసేవాళ్లున్నారు. కాపాడి, కబురు చేసినవాళ్లని ఎవరూ ఏమీ అనరు. దొరికిన చోటు, తేదీ, సమయం కాగితం మీద రాసి, ఫోటో తీసి ఉంచండి. కాలికి లోహపు ఉంగరం ఉంటే తీయకుండా దాని మీద నంబరు రాసుకోండి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వలసల అధ్యయనానికి అలా వేస్తారు.

ప్రయాణంలో కారైతే పాటలు ఆపేయండి. బండి మీదైతే గంప కుదరదు. పెద్ద అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, వెనక కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవాలి. ఆ కాసేపు కాళ్లు ముడుచుకున్నా ఫరవాలేదు.

ఒకటి కాకుండా నాలుగైదు పక్షులు ఒకే చోట పడి ఉంటే మాత్రం పైన చెప్పినవేవీ చేయకండి. చొంగ కారుతూ, వేళ్లు బిగుసుకుని, వణుకుతూ ఉంటే పొలంలో చల్లిన గుళికల మందో, విషపు ఎరో అయి ఉండవచ్చు. లేదంటే రోగం. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మనందరికీ తెలుసు. ఒట్టి చేతులతో ముట్టుకోకుండా, కుక్కల్ని రానివ్వకుండా, పశుసంవర్ధక శాఖకి కబురు పెట్టండి. మీ కొంగ దారంలో చిక్కింది కాబట్టి ఆ భయం తక్కువే. అయినా మాస్కు కట్టుకుని, చేతికి తొడుగులు వేసుకుని పట్టుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. మీ పెరటి కోళ్లకి దూరంగా ఉంచండి. వాడిన గంపని ఎండలో పెట్టి కడిగేదాకా కోళ్ల మీద బోర్లించకండి.

మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా, ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం ఇంకొకటి రాస్తాను. నా దగ్గరికి వచ్చిన పక్షుల్లో చాలావాటికి అసలు గాయమే లేదు. ఎగరడం నేర్చుకుంటున్న పిల్లలు. ఒంటి నిండా ఈకలొచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ ఉంటే దానికి ఏమీ కాలేదు. తల్లి పక్క చెట్టు మీదే ఉంటుంది. కుక్క తిరిగే చోటైతే ఎత్తి కొమ్మ మీద పెట్టి వచ్చేయాలి. ఈకలు రాని పసికూనైతే గూట్లో పెట్టాలి. కొబ్బరి దింపు తీసేటప్పుడు, తాటి మట్టలు కొట్టేటప్పుడు గూళ్లు పడుతుంటాయి. గూడు పాడైతే తాటాకు బుట్టలో ఎండుగడ్డి వేసి, నీళ్లు నిలవకుండా అడుగున చిల్లులు పెట్టి, అదే చెట్టుకి కడితే తల్లి అక్కడికే వచ్చి మేపుతుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి వెలేస్తుందన్నది నిజం కాదండి. చిన్నప్పటి నుంచీ విన్న మాట కాబట్టి నమ్మేస్తాం. ఆ నమ్మకంతో ఎన్ని పిల్లల్ని తల్లి నుంచి విడదీసి ఇంటికి తెచ్చేశారో. వానాకాలం మొదట్లో కాకి ఒక మచ్చల పిల్లని తరుముతోందని కాపాడి తెచ్చేవారు. అది కాకి గూట్లో పుట్టిన కోకిల పిల్ల, ఆ కాకి దానికి మేత పెడుతోంది.

పాప మాటకి వద్దాం. పెంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు, అది ఒక సంగతి. ఇంకోటి, మచ్చికైన కొంగ ఎక్కడికీ పోలేదు. మనుషుల్ని చూసి దగ్గరికి వస్తుంది, కుక్కకి దొరుకుతుంది. అందుకే దానికి పేరు పెట్టి మాట్లాడటం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వద్దని పాపకి నెమ్మదిగా చెప్పండి. వద్దన్నంత మాత్రాన పిల్లల మనసు ఊరుకోదు కాబట్టి ఒక పని అప్పజెప్పండి. పొద్దున ఎన్ని చేపలు వేశారు, సాయంత్రం ఎన్ని మిగిలాయి, రెట్ట ఏ రంగులో ఉంది అని నోటుబుక్కులో రాయమనండి. ఆ లెక్క డాక్టరుకి నిజంగా పనికొస్తుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పడం న్యాయం. అన్నీ సరిగ్గా చేసినా బతకనివి ఉంటాయి. ఎముక బయటికి వచ్చి ఎండిపోయి ఉంటే, రెక్క కింది భాగం చల్లగా నల్లగా ఉంటే, డాక్టరు నొప్పి లేకుండా నిద్రపుచ్చేయడం మంచిదని చెప్పవచ్చు. కాదని ఇంటికి తెచ్చేసుకోకండి. ఆ బాధ మనం భరించగలం, అది భరించలేదు.

బాగయితే వదిలే చోటు మీ చెరువు దగ్గరే, ఉదయం పూట, వాన లేని రోజున. గాల్లోకి విసరకండి. గంప నేల మీద పెట్టి, ఒక పక్కకి ఎత్తి, మీరు వెనక్కి జరగండి. కాసేపు నిలబడి చూసి అదే వెళుతుంది. అంతకు ముందు రోజు గట్టు మీద దారాలు ఒకసారి చూసుకోండి. వనామి రొయ్య వేసిన రైతుకి కొంగలూ నీటికాకులూ ఎంత నష్టమో, ఒక చెరువు రోగం ఇంకో చెరువుకి మోస్తాయన్న భయం ఎంతుంటుందో నాకు తెలుసు, దారం కట్టొద్దనడం లేదు. కట్టిన దారం బిగువుగా ఉండాలి, వేలాడే దారానికే పక్షి చుట్టుకుంటుంది. బారకొకటి చొప్పున రంగు రిబ్బను ముక్క కడితే దూరం నుంచే కనపడి అసలు వాలవు, మీకు కావలసిందీ అదే. రొయ్యల పట్టుబడి అయిపోయాక తెగిన ముక్కలు గట్టు మీద వదలకుండా ఏరించండి.

ఇప్పుడు నాకు కావలసినవి మూడు సంగతులు. ఊపిరిలో గురక ఉందా? ఎడమ రెక్క చంక దగ్గర దారం ముక్క ఏదైనా మిగిలిందా? రెక్క చివరి భాగం మీ వేలికి వెచ్చగా తగులుతోందా, చల్లగానా? చూసి రాయండి, రాత్రి పది దాకా మేలుకునే ఉంటాను.